గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగస్టు 29 - 1940 జనవరి 22) తెలుగు భాషావేత్త, ఉపాధ్యాయుడు, శాసన పరిశోధకుడు, వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు. బడిలో నేర్పే తెలుగు, పత్రికల తెలుగు, పుస్తకాల తెలుగు ప్రజల వాడుకకు దగ్గరగా ఉండాలని ఆయన మూడు దశాబ్దాలకు పైగా పోరాడాడు. లిపి గాని, వ్యాకరణ గ్రంథాలు గాని లేని సవర భాషను స్వయంగా నేర్చుకొని, దానికి వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చాడు. ఉచ్చారణ కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతూ ఉంటుందనీ, ఆ మార్పు భాషకు పట్టిన తెగులు కాదనీ, భాష జీవించి ఉన్నదనడానికి గుర్తు అనీ తెలుగువారికి శాస్త్రీయంగా తెలియజెప్పినవారిలో ఆయన ప్రథముడు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు.

బాల్యం, విద్యాభ్యాసం

రామమూర్తి శ్రీకాకుళం ప్రాంతంలో వంశధార నది ఒడ్డున ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించాడు. ప్రసిద్ధ శైవక్షేత్రమైన శ్రీముఖలింగం ఆ ప్రాంతంలోనిదే. అప్పట్లో ఇది గంజాం జిల్లాలో ఉండేది. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. వీర్రాజు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయిన తరువాత ఆయన విషజ్వరంతో 1875లో మరణించాడు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు.

తండ్రి మరణం తరువాత రామమూర్తి విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివాడు. తరువాతి కాలంలో కన్యాశుల్కం నాటకం రచించిన గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఈ స్నేహం తెలుగు భాషా చరిత్రలో పెద్ద మార్పుకు కారణమయింది. రామమూర్తి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ సంవత్సరమే ఆయనకు వివాహం జరిగింది.

కుటుంబ పరిస్థితుల వలన కళాశాలలో చేరి చదువు కొనసాగించే అవకాశం ఆయనకు లేకపోయింది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. పూర్తిచేశాడు. పట్టపరీక్షలో ఆయన ఎంచుకొన్న విషయం చరిత్ర. భాషాశాస్త్రాన్ని ఏ విద్యాలయంలోనూ చదవలేదు. ఆ శాస్త్రంలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలను తెప్పించుకొని ఇంటి దగ్గరే అధ్యయనం చేశాడు.

ఉపాధ్యాయ వృత్తి

1880లో నెలకు ముప్పై రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. మొదట ఒకటవ ఫారం విద్యార్థులకు చరిత్ర బోధించేవాడు. సుమారు ముప్పై సంవత్సరాలు పనిచేసి 1911లో పదవీ విరమణ చేశాడు. తాపీ ధర్మారావు పర్లాకిమిడిలో ఆయన శిష్యుడు.

చరిత్ర పాఠాలు చెప్పే రోజులలోనే రామమూర్తి ముఖలింగం దేవాలయాలలోని శాసనాలను స్వయంగా చదివి, గాంగ రాజుల చరిత్రపై ఇంగ్లీషులో వ్యాసాలు ప్రచురించాడు. ఈ శాసన పరిచయం తరువాత భాషావివాదంలో ఆయనకు ఎంతగానో ఉపకరించింది. రాతిమీద చెక్కిన మాట మధ్యలో మరొకరు దిద్దడానికి వీలులేనిది. తాళపత్ర గ్రంథాలను నకలు తీసేవారు తమ కాలపు వ్యాకరణానికి అనుగుణంగా పాఠాలను సవరించే అవకాశం ఉంది. కనుక ఏ కాలంలో జనం ఎలా మాట్లాడారో తెలుసుకోవడానికి శాసనాలు నమ్మదగిన ఆధారాలు.

సవర భాషా కృషి

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని, ఒరియాకు గాని సంబంధించినది కాదు. అది ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. సవరల పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలన్న కోరిక రామమూర్తికి కలిగింది. నేర్చుకుందామంటే పుస్తకం లేదు. అందువలన తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకొని, అతని మాట వింటూ భాష నేర్చుకున్నాడు. కొండలెక్కి సవరపల్లెలకు వెళ్ళి పాటలు, కథలు సేకరించాడు.

లిపి లేని భాషను వ్రాయాలంటే ముందుగా దాని ధ్వనులను విడివిడిగా గుర్తించవలసి ఉంటుంది. సవరలో గొంతును క్షణకాలం బిగించి పలికే ధ్వని ఒకటి ఉన్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ఇటువంటి ధ్వనులను చెవితో పట్టుకొని గుర్తులతో వ్రాయడం రామమూర్తికి ప్రధానమైన పని అయింది. దీర్ఘాలను సూచించే ధ్వనిలిపి చిహ్నాలు ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషు పేరులోనే కనిపిస్తాయి.

ఈ కృషికి ఆయన భారీ మూల్యం చెల్లించవలసి వచ్చింది. అడవిదారులలో కాలినడకన తిరగడం వలన విషజ్వరం బారిన పడ్డాడు. జ్వరానికి వాడిన క్వినైన్ మందు వలన వినికిడి దెబ్బతిని, చెవుడు జీవితాంతం ఉండిపోయింది. వినడమే ఆధారంగా శాస్త్రం నిర్మించుకొన్న మనిషికి ఇది సామాన్యమైన నష్టం కాదు. అయినా సవర పని ఆపలేదు. తెలుగు ఉద్యమంలో కూడా సభలకు వెళ్ళి గంటల తరబడి వాదించడం మానలేదు.

ఆయన సవరలో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో పాఠశాలలు నడిపి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చాడు. ఈ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, దానిని తాను తీసుకోక సవర పిల్లల బడికి వినియోగించమని కోరాడు. ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను ముద్రించింది.

నాటి తెలుగు: బడి భాష, ఇంటి భాష

పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో తెలుగు పాఠ్యపుస్తకాలకు పరవస్తు చిన్నయసూరి రచనలు ప్రమాణంగా ఉండేవి. ఆయన నీతిచంద్రిక 1853లోను, బాలవ్యాకరణం 1858లోను వెలువడ్డాయి. బాలవ్యాకరణం ప్రధానంగా ప్రాచీన కావ్యాల భాషను వర్ణించిన గ్రంథం. పద్యకావ్యాలు చదివేవారికి అది ఎంతో ఉపకరిస్తుంది. కాని దానినే వచనానికి కూడా నియమంగా విధించడంతో సమస్య మొదలయింది.

ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లవాడు బడిలో వచ్చుచున్నాడు అని వ్రాయాలి. చేశాడు అనే మాటకు బదులు చేసెను అనాలి. అరసున్న ఎక్కడ ఉంచాలో, ఏ మాటకు బండి ఱ వాడాలో కంఠస్థం చేయాలి. అరసున్న ధ్వని అప్పటికి ఎన్నో తరాల క్రితమే జనం నోట మాయమయింది. బండి ఱకు, మామూలు రకు ఉచ్చారణలో భేదం మిగలలేదు. ఏ చెవికీ వినిపించని భేదాలను విద్యార్థి నిఘంటువు చూసి నేర్చుకోవలసి వచ్చేది. తప్పు వ్రాస్తే మార్కులు పోయేవి.

మరొకవైపు, నోటిలో ఉన్న ధ్వనులు కొన్నింటికి మామూలు వ్రాతలో ప్రత్యేకమైన గుర్తు కనిపించదు. చాప, చలి అనే మాటలలోని చకారం, చెట్టు, చిలుక అనే మాటలలోని చకారం ఒకటి కావు. మొదటిది దంత్యం, రెండవది తాలవ్యం. కోస్తా జిల్లాలలో వచ్చాడు అన్నప్పుడు చకారం తరువాత వినబడే అచ్చు, బ్యాంకు అనే మాటలో వినబడే అచ్చు వంటిది. వర్ణమాలలో దానికి ప్రత్యేకాక్షరం లేదు. అంటే వ్రాత వేరు, పలుకుబడి వేరు అన్న సంగతి ఇరువైపుల నుంచీ కనిపిస్తుంది.

ఉద్యమానికి నాంది

1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చాడు. బడిలో పిల్లలు చదివే తెలుగుకు, బయట మాట్లాడే తెలుగుకు ఇంత వ్యత్యాసం ఎందుకు ఉన్నదన్న సందేహం ఆయనకు కలిగింది. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారును ఈ విషయమై ప్రశ్నించాడు. అయ్యంగారు ఆయనకు గురజాడ, గిడుగుల పేర్లు సూచించాడు.

అప్పటివరకు రామమూర్తి దృష్టి ముఖ్యంగా సవర భాషమీద, శాసనాలమీద ఉండేది. యేట్స్ వేసిన ప్రశ్నతో ఆయన తెలుగు వైపు తిరిగాడు. సవర భాషను ఉన్నది ఉన్నట్లుగా విని వ్రాసిన పద్ధతిని సొంత భాషకు వర్తింపజేయడం ఆయనకు సహజమైన అడుగు. ఈ నలుగురి కృషితో వ్యావహారిక భాషోద్యమం ప్రారంభమయింది. గురజాడ రచయితగా తన సృజనాత్మక రచనల ద్వారాను, శ్రీనివాస అయ్యంగారు, యేట్స్ విద్యారంగం ద్వారాను దోహదం చేయగా, ఆధారాలు సేకరించి వాదనను నిలబెట్టే భారం రామమూర్తి వహించాడు.

ఇంగ్లీషు భాష నేర్పిన పాఠం

వ్యావహారికవాదులకు ఇంగ్లీషు భాషాశాస్త్రజ్ఞుల గ్రంథాలు మార్గదర్శకాలయ్యాయి. రామమూర్తి చదివిన వారిలో హెన్రీ స్వీట్ (1845-1912) ముఖ్యుడు. మాట్లాడే భాషే అసలు భాష అనీ, వ్రాత దానికి ప్రతిబింబం మాత్రమే అనీ స్వీట్ వంటివారు ప్రతిపాదించారు.

ఇంగ్లీషు వర్ణక్రమమే ఈ సూత్రానికి మంచి ఉదాహరణ. రాత్రి అనే అర్థం గల నైట్ అనే మాటను ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు నడుమ జి, హెచ్ అనే అక్షరాలు వస్తాయి. తెలియు అనే అర్థం గల నో అనే మాట మొదట కె అనే అక్షరం ఉంటుంది. ఇవి ఇప్పుడు పలకరు. కాని ఒకప్పుడు పలికేవారు. నోటిలో ధ్వని పోయినా కాగితంమీద అక్షరం మిగిలింది. తెలుగులో అరసున్న చరిత్ర కూడా ఇటువంటిదే. పదునాలుగవ శతాబ్దంలో చాసర్ వ్రాసిన ఇంగ్లీషును ఆంగ్లేయులు గౌరవించి చదువుతారు గాని, ఉత్తరాలు, పత్రికలు ఆ భాషలో వ్రాయరు. నన్నయ, తిక్కనల భాషను గౌరవించడానికి దానిలోనే పరీక్షలు వ్రాయనక్కరలేదని వ్యావహారికవాదుల అభిప్రాయం.

ఇంగ్లీషు ఉచ్చారణ ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. బ్రిటన్‌లో షెడ్యూల్ అనే మాట అమెరికాలో స్కెడ్యూల్ అవుతుంది. తెలుగువారి నోట ఇంగ్లీషు మాటలు తెలుగు స్వభావాన్నే పొందాయి. మన మాటలు అచ్చుతో ముగియడం సహజం గనుక బస్, రోడ్, కార్ అనేవి బస్సు, రోడ్డు, కారు అయ్యాయి. మాట మొదటి సంయుక్తాక్షరం కష్టమనిపించిన వారు స్కూలును ఇస్కూలు అన్నారు. హాస్పిటల్ ఆసుపత్రి అయింది, లాంటర్న్ లాంతరు అయింది. ఇలా జనం నోట నలిగి స్థిరపడిన మాటలను వ్యావహారికవాదులు దోషాలుగా భావించలేదు. గురజాడ కన్యాశుల్కంలో గిరీశం పాత్ర మాట్లాడే ఇంగ్లీషు కలిసిన తెలుగు, ఆనాటి చదువుకున్నవారి వాడుకకు చక్కని నమూనా.

వివాదం, 1915 నాటి ఓటమి

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనల్ పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని విద్యాశాఖ అనుమతించింది. పండితులలో దీనికి తీవ్ర వ్యతిరేకత వచ్చింది. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఈ వ్యతిరేకతకు కేంద్రమయింది. జయంతి రామయ్య పంతులు దానికి నాయకత్వం వహించాడు. వేదం వేంకటరాయశాస్త్రి, వావిలికొలను సుబ్బారావు వంటి పండితులు ఆయన పక్షాన నిలిచారు.

గ్రాంథికవాదుల భయాలకు ఆధారం లేకపోలేదు. తెలుగువారు పలు జిల్లాలలో పలు విధాలుగా మాట్లాడతారు. వ్యాకరణం అనే ఉమ్మడి కట్టు తెగిపోతే ఏ జిల్లావారి భాష వారిదై, తెలుగు ముక్కలవుతుందని వారి ఆందోళన. ప్రాచీన సాహిత్యం రానున్న తరాలకు దూరమవుతుందన్నది మరొక ఆందోళన. వేదం వేంకటరాయశాస్త్రి తన ప్రతాపరుద్రీయ నాటకంలో పాత్రోచితంగా వాడుక భాషను ప్రయోగించాడు. అయితే నాటకంలో పాత్రల సంభాషణ వేరు, శాస్త్రగ్రంథాల భాష వేరు అని ఆ పక్షంవారు భావించారు.

రామమూర్తి 1913లో ఆధునిక తెలుగుపై ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం ప్రచురించాడు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించాడు. అయినా ఫలితం లేకపోయింది. సభలు, వినతిపత్రాల ఒత్తిడితో ప్రభుత్వం 1915లో వెనుకటి అనుమతిని రద్దు చేసింది. పరీక్షలు, పాఠ్యపుస్తకాలు తిరిగి గ్రాంథికంలోకి వెళ్ళిపోయాయి. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ మరణించాడు. ఒకే ఏడాదిలో రామమూర్తి ఉద్యమంలో విజయాన్ని, బాల్యమిత్రుడిని కోల్పోయాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై రెండేళ్ళు.

ఆయన వాదం, పరిశోధనా పద్ధతి

రామమూర్తి వాదం ప్రధానంగా ఆధారాలమీద నడిచింది. ఆయన మూడు వైపుల నుంచి ఆధారాలు చూపించాడు.

మొదటిది, ప్రాచీన కవుల ప్రయోగాలు. బాలవ్యాకరణం తప్పు అని చెప్పే అనేక రూపాలు ప్రాచీన కవుల గ్రంథాలలోనే ఉన్నాయని బాలకవి శరణ్యంలో నిరూపించాడు. అంటే వ్యాకరణమే పూర్ణం కాదు, కవులను తప్పుపట్టడానికి వీలులేదు.

రెండవది, పూర్వుల వచనం. శాసనాలు, వ్యాఖ్యానాలు, స్థానిక చరిత్రలు మొదలైన వాటి నుంచి వచన భాగాలను సేకరించి గద్య చింతామణిలో చూపాడు. పండితులు సైతం వచనం వ్రాసినప్పుడు తమ కాలపు వాడుక రూపాలను ప్రయోగించారనీ, కావ్యభాషను వచనానికి విధించడం ఇటీవలి ఆచారమే అనీ దీనివలన తేలింది. సంప్రదాయం పేరుతో ప్రత్యర్థులు చేస్తున్న వాదానికి ఇది సమాధానం. ఆయన మరొక పుస్తకానికి నిజమైన సంప్రదాయం అని పేరు పెట్టడంలోని భావం కూడా ఇదే.

మూడవది, ప్రత్యర్థుల రచనలు. గ్రాంథికాన్ని సమర్థిస్తూ గ్రాంథికంలో వ్రాసిన పండితుల పుస్తకాలలోనే ఆ వ్యాకరణం ప్రకారం దోషాలు ఉన్నాయని ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజంలో ఎత్తి చూపాడు. పండితులకే సాధ్యం కాని భాషను పదేళ్ళ పిల్లవాడి నుంచి ఆశించడం న్యాయం కాదన్నది దాని సారాంశం. రామమూర్తి ఉపాధ్యాయుడుగానే ఈ వివాదంలోకి దిగాడు. భాషను నేర్చుకోవడానికే విద్యార్థి కాలమంతా గడిచిపోతే విజ్ఞానం నేర్చుకొనేది ఎప్పుడు అన్న ప్రశ్న ఆయన రచనలన్నింటికీ మూలం.

ఉద్యమ విస్తరణ

1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం దీనికి అధ్యక్షుడు, రామమూర్తి కార్యదర్శి. వీరేశలింగం చిరకాలం గ్రాంథికంలో వచనం వ్రాసి పేరు పొందినవాడు. ఆయన వ్యావహారికం వైపు రావడం ఉద్యమానికి గొప్ప బలం. కాని మూడు నెలలు తిరగకముందే, మే 27న, ఆయన మరణించాడు. ఆ ఏడాదే రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను స్థాపించాడు. అది ఒక సంవత్సరం పాటు నడిచింది.

తరువాత ఆయన ఊరూరా తిరిగి సభలలో ప్రసంగించాడు. 1924లో, అప్పటికి కాకినాడ కేంద్రంగా పనిచేస్తున్న ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపై ఉన్న నిషేధాన్ని తొలగించింది. 1925లో తణుకులో జరిగిన సభలో రామమూర్తి నాలుగు గంటల పాటు ప్రసంగించి, గ్రంథాల నుంచి ప్రయోగాలు చూపుతూ సభికులను ఒప్పించాడు. 1933లో ఆయన డెబ్బైయవ జన్మదినోత్సవాన్ని రాజమండ్రిలో ఘనంగా జరిపి, పండితుల వ్యాసాలతో ఒక సంపుటం సమర్పించారు. నవ్య సాహిత్య పరిషత్తు వ్యావహారికాన్ని ఆదరించింది. శిష్యుడు తాపీ ధర్మారావు 1930లలో జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపాడు.

శిష్ట వ్యావహారికం, ప్రాంతీయ భేదాలు

వాడుక భాష అంటే ఎవరి వాడుక అన్న ప్రశ్న మొదటి నుంచీ ఉన్నది. రామమూర్తి ఎవరికి తోచినట్లు వారు వ్రాయవచ్చునని చెప్పలేదు. చదువుకున్నవారు పరస్పరం మాట్లాడుకొనే భాషను ఆయన శిష్ట వ్యావహారికం అన్నాడు. దీనిని గ్రామ్యంతో కలపకూడదని చెప్పాడు. ఆచరణలో ఈ శిష్ట వ్యావహారికం కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల విద్యావంతుల భాషకు దగ్గరగా రూపుదిద్దుకుంది. రామమూర్తి స్వయంగా కళింగాంధ్రానికి చెందినవాడు. ఆయన పుట్టిన ప్రాంతంలో పిల్లవాడిని గుంటడు అంటారు, కృష్ణా జిల్లావారు సొరకాయ అనేదానిని ఆనపకాయ అంటారు. ఆ మాటలు ప్రామాణిక భాషలో ముఖ్య స్థానం పొందలేదు.

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012) సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. రైతుల నోట ఉన్న వ్యవసాయ పదాలను జిల్లాల వారీగా సేకరించిన ఈ గ్రంథం, రామమూర్తి సవరపల్లెలలో అనుసరించిన పద్ధతికి తెలుగునాట కొనసాగింపు వంటిది. ఆ పరిశోధనల ఆధారంగా తెలుగును ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించారు. స్థూలంగా ఇవి తెలంగాణ, రాయలసీమ పరిసరాలు, కళింగాంధ్ర, మధ్య కోస్తా ప్రాంతాలు. ఒకే క్రియ మధ్య కోస్తాలో వచ్చాడు అనీ, తెలంగాణలో వచ్చిండు అనీ, రాయలసీమలో వచ్చినాడు అనీ వినిపిస్తుంది. చరిత్ర దృష్ట్యా చూస్తే వచ్చినాడు అన్నదే వీటిలో పాత రూపం. మిగిలిన రెండూ దానినుంచి వేరువేరు దారులలో మారినవి. కనుక ఒకటి శుద్ధం, మరొకటి అశుద్ధం అనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఈ మండలాల నడుమ గీసిన గీత జిల్లా సరిహద్దు వలె స్పష్టంగా ఉండదు. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటలు దీనికి ఉదాహరణ. 2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. ఇది ఒకవైపు కృష్ణా డెల్టాకు, మరొకవైపు తెలంగాణలోని ఖమ్మం, సూర్యాపేట జిల్లాలకు నడుమ ఉన్నది. మధ్య మండలపు భాషకు ఇది పడమటి అంచు. నిజాం రాజ్యం ఉన్న రోజులలో ఈ అంచుకు ఇవతల మద్రాసు ప్రభుత్వ పాలన, ఇంగ్లీషు, తెలుగు బడులు ఉండగా, అవతల ఉర్దూ అధికార భాషగా ఉండేది. కాగితాల భాష ఇలా రెండుగా చీలినా, రోజూ సంతకు, పెళ్ళిళ్ళకు రాకపోకలు సాగించే పల్లెలవారి నోట రెండు వైపుల పలుకుబడులూ కలగలిసి వినబడడం సహజం. నిజాం భూభాగం మధ్య చిక్కుకొని ఉన్న మునగాల పరగణా కూడా కృష్ణా జిల్లాలోని నందిగామ తాలూకాకే చెందినది. నందిగామ, జగ్గయ్యపేటల సమీపంలోని పెనుగంచిప్రోలులో జన్మించిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877-1923) మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసి, విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా శాస్త్ర విషయాలను సరళమైన తెలుగులో అందించాడు. భాష విషయంలో రామమూర్తిది వేరు మార్గమైనా, చదువు సామాన్యులకు అందాలన్న లక్ష్యం ఇద్దరికీ ఒక్కటే.

ప్రామాణిక భాష మధ్య కోస్తావారిది కావడం వలన ఇతర ప్రాంతాల పిల్లలు తమ ఇంటి మాట తప్పేమోనని సంకోచించే పరిస్థితి ఏర్పడింది. పాఠ్యపుస్తకాలలో చోటు దొరకని తెలంగాణ, కళింగాంధ్ర పలుకుబడులు సినిమాలలో చాలాకాలం హాస్యపాత్రలకు పరిమితమయ్యాయి. తెలంగాణ రచయితలు దీనిని తీవ్రంగా విమర్శించారు. ప్రజల పలుకుబడిలో రచనలు చేసిన కాళోజీ నారాయణరావు (1914-2002) జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ రాష్ట్రం భాషా దినోత్సవంగా పాటిస్తున్నది. ఒక విధంగా ఈ విమర్శ రామమూర్తి సూత్రాన్ని ఆయన నిర్ణయించిన హద్దులు దాటించి ముందుకు తీసుకువెళ్ళినదే. బడి భాష ఇంటి భాషకు దూరంగా ఉండరాదన్న ఆయన వాదం పర్లాకిమిడి పిల్లవాడికి ఎంత వర్తిస్తుందో, కోదాడ, జగ్గయ్యపేట పల్లెల పిల్లవాడికీ అంతే వర్తిస్తుంది.

చివరి రోజులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి దానిలో చేరింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఒరిస్సాలో కలవడాన్ని రామమూర్తి వ్యతిరేకించాడు. ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఊరును వదిలి, డెబ్బై రెండేళ్ళ వయస్సులో రాజమండ్రికి తరలివచ్చాడు. అక్కడ ఉండగానే ఆయన సవర నిఘంటువు అచ్చయింది.

1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులతో సమావేశమై, పత్రికలను వాడుక భాషలో నడపవలసిందిగా విజ్ఞప్తి చేశాడు. వారం రోజుల తరువాత, జనవరి 22న మరణించాడు. అప్పటికి పెద్ద పత్రికలలోను, పాఠ్యపుస్తకాలలోను గ్రాంథికమే ఎక్కువగా ఉండేది. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి తండ్రి భాషాకృషిని కొనసాగించాడు.

ప్రభావం

రామమూర్తి మరణం తరువాత రెండు మూడు దశాబ్దాలలో కథలు, నవలలు, పత్రికలు పూర్తిగా వ్యావహారికంలోకి వచ్చాయి. క్రమంగా పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు కూడా దానిని అంగీకరించాయి. 1915లో నిషేధానికి గురైన భాషలోనే ఇప్పుడు తెలుగు విద్యార్థులందరూ పరీక్షలు వ్రాస్తున్నారు. మరోవైపు ఆయన సవర వ్యాకరణం, నిఘంటువు ముండా భాషల అధ్యయనానికి తొలి ప్రామాణిక ఆధారాలలో ఒకటిగా నిలిచాయి.

గ్రాంథికవాదులు భయపడినట్లు తెలుగు ముక్కలు కాలేదు. అయితే ప్రాచీన సాహిత్యం సామాన్య పాఠకునికి దూరమవుతుందన్న వారి ఆందోళన కొంతవరకు నిజమయింది. ప్రామాణిక భాషలో అన్ని ప్రాంతాలకూ సమానమైన చోటు కల్పించే పని ఇంకా పూర్తికాలేదు.

బిరుదులు, సత్కారాలు

* 1913: రావ్ సాహెబ్
* 1934: కైజర్-ఇ-హింద్ పతకం
* 1938: కళాప్రపూర్ణ (ఆంధ్ర విశ్వవిద్యాలయం)

ముఖ్య రచనలు

* ఆధునిక తెలుగుపై విజ్ఞాపన పత్రం (ఇంగ్లీషు, 1913)
* సవర భాషా వ్యాకరణం (ఇంగ్లీషు, 1931)
* సవర-ఇంగ్లీషు నిఘంటువు (1938)
* బాలకవి శరణ్యం
* గద్య చింతామణి
* ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం
* నిజమైన సంప్రదాయం
* వ్యాసావళి